చారల చేపలకు మోసిన నీళ్లు

మొన్నామధ్య కట్టుడు పళ్ల కొలతలు ఇవ్వడానికని సూర్యాపేటలో హైవే పక్కనున్న పళ్ల డాక్టరు దగ్గరికి మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. వెంటబెట్టుకుని వెళ్లానంటున్నాను గాని, డెబ్బయ్యేడేళ్లవాణ్ణి, నిజానికి తనే నన్ను పట్టుకుని మెట్లెక్కించింది. మా వంతు వచ్చేదాకా కూర్చోమన్న హాల్లో గోడవారగా ఒక పెద్ద అద్దాల తొట్టి ఉంది. అందులో రంగురంగుల గులకరాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, నోరు తెరిచి మూస్తూ బుడగలు వదిలే ఒక బొమ్మ మొసలి, ఇంత సంసారానికీ కలిపి ఒకే ఒక్క చేప. నా చూపుడు వేలంత పొడవుంటుందేమో, బూడిదరంగు ఒంటిమీద నిలువునా నల్లటి చారలు. నేను దగ్గరికి వెళ్తే అది బెదిరి మొక్కల చాటుకు పోలేదు, నేరుగా అద్దం దాకా వచ్చి మొప్పలు విప్పి నా వేలి మీదికి దూకింది. రిజిస్టరు రాసుకుంటున్న కాంపౌండరు తలెత్తకుండానే, "దాని జోలికి పోకుండ్రి సారూ. పది చేపలు దెచ్చి ఏస్తే అన్నిటినీ కొరికి సంపింది. ఇగ ఒక్కదాన్నే ఉంచినం" అన్నాడు.

ఆ సంగతి నాకు అతను చెప్పాలా? ఆ చేప జాతితో నేను ఏడాదికి పైగా కాపురం చేశాను. నా జీవితంలో నన్ను అంతగా విసిగించిన ప్రాణి మరొకటి లేదు, ఇది మా ఆఫీసులో నా పైన పనిచేసిన అధికారులందరినీ కలుపుకునే చెబుతున్నాను. ఇన్నేళ్ల తరవాత, అదీ పళ్లు కట్టించుకోవడానికి వచ్చిన చోట, అదే చారల మొహం నా ఎదుటికి వచ్చి దబాయిస్తుంటే నాకు నవ్వు రాలేదు, పాత కోపమే వచ్చింది.

ముందు నా పళ్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ చేపల గొడవంతా అక్కణ్ణుంచే మొదలైంది. నేను పుట్టింది పోలీసు చర్య జరిగిన ఏడాది, ఎండాకాలంలో. ఆ రోజుల్లో మా పక్క ఊళ్ల పరిస్థితి ఎలా ఉండేదో నా ఈడువాళ్లకు వాళ్ల అమ్మానాన్నలు చెప్పే ఉంటారు. పగలు ఒకరి భయం, రాత్రి ఇంకొకరి భయం. మా వాళ్లు నిండు నెలలతో ఉన్న మా అమ్మను బండిలో వేసుకుని ఊరు విడిచి, చివ్వెంలకు అవతల చెలకల్లో ఒక చుట్టం పాక దగ్గర తలదాచుకున్నారట. నాలుగు రోజులుండి పోదామని వచ్చినవాళ్లు అక్కడే ఒక బావి తవ్వుకుని, సర్కారు మారినా, భయం తీరినా, పదేళ్లు ఉండిపోయారు. ఆ బావి నీళ్లు చూడ్డానికి తేటగా ఉండేవి, తాగడానికి కూడా బాగానే ఉండేవి. వాటిలో ఫ్లోరైడ్ ఉందని అప్పుడు ఎవరికీ తెలియదు. నాకు పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చేసరికి వాటిమీద గోధుమరంగు గార పట్టి వచ్చింది. వేపపుల్లతో తోమాను, బొగ్గుపొడితో తోమాను, చివరికి ఇటుకపొడితో కూడా తోమాను, చిగుళ్లు అరిగాయి తప్ప గార అరగలేదు. బడిలో నా పేరు మాస్టారి హాజరు పట్టీలో మాత్రమే ఉండేది, మిగతా అందరికీ నేను గారపళ్లోణ్ణే. పెళ్లిచూపులకు కోదాడ వెళ్లినప్పుడు వాళ్లు పెట్టిన ఉప్మా కూడా పెదవులు కలిపే తిన్నాను.

ఆ కోదాడ అమ్మాయి, అంటే మా ఆవిడ, ఆ రోజే నా పళ్లు చూసేసిందట. చూసినా చేసుకుంది. దానికి నేను ఆమెకు జన్మంతా కృతజ్ఞుణ్ణి, కాని ఆమె మొండితనం విషయంలో ఆ కృతజ్ఞత నాకు పెద్దగా పనికి రాలేదు. ఆమెవి మల్లెమొగ్గల్లాంటి పళ్లు. నవ్వితే ఇంటి బయటికి వినబడేది. సూర్యాపేటలో ఆడపిల్లల బడిలో టీచరుగా చేసేది. నాకేమో మిర్యాలగూడలో కాల్వల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. నేను వారమంతా ఆఫీసు వాళ్లిచ్చిన రెండు గదుల క్వార్టర్లో చేయి కాల్చుకుని వండుకుంటూ, శనివారం సాయంత్రం బస్సెక్కి సూర్యాపేటలో మా కిరాయి ఇంటికి వచ్చి, సోమవారం పొద్దున్నే మళ్లీ పోయేవాణ్ణి. మా అమ్మాయి పుట్టి నాలుగైదు నెలలయ్యేసరికి నాకు ఈ రెండు పొయ్యిల బతుకు మీద విసుగు పుట్టింది.

కాని అసలు సంగతి పొయ్యిలు కాదు, బావి. ఆ కిరాయి ఇంటి పెరట్లో ఒక చేదబావి ఉండేది. ఆ నీళ్లతో సబ్బు నురగరాదు, పప్పు ఉడకదు, కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఇంటామె, అరవై దాటిన పెద్దమ్మ, నోరు తెరిస్తే ఆమె పళ్లకూ నా పళ్లకూ ఒకటే వరస. ఆమెను చూసినప్పుడల్లా నాకు మా పాప నోరే గుర్తొచ్చేది. మా అమ్మాయికి కొత్త పళ్లు వచ్చేలోగా ఈ బావి నుంచి బయట పడాలని, కృష్ణ నీళ్లు పారే మిర్యాలగూడకు మకాం మార్చాలని నా పట్టుదల. కొత్త పళ్లు వచ్చేది ఏడో ఏట కదా, అప్పటికి మారితే చాలుననుకునేవాణ్ణి. నాకు అలాగే వచ్చింది మరి, ఏడో ఏట పళ్లతో పాటే గార వచ్చింది. ఆ లెక్కలోనే తప్పుందని చెప్పేవాళ్లు ఆ రోజుల్లో నాకెవరూ తగల్లేదు. తగిలినా వినేవాణ్ణని నమ్మకంగా చెప్పలేను.

మా ఆవిడ మాత్రం కదలనంది. ఆమె ఉద్యోగం సూర్యాపేటలో, మిర్యాలగూడకు బదిలీ అంటే ఎన్నేళ్లు పడుతుందో తెలియదు, చేతిలో ఉన్న ఉద్యోగం వదులుకుని నా క్వార్టర్లో కూర్చుని కాల్వకేసి చూస్తూ ఉండటం తన వల్ల కాదంది. పెద్దమ్మ కూడా ఆమె పక్షమే. "గీ నీళ్లు తాగే మేమందరం బతుకుతలేమా బిడ్డా, పళ్లు రంగు మారితే నమలరావా" అనేది. ప్రతి శనివారం ఇదే పంచాయితీ. ఆదివారం పొద్దుటికి ఇద్దరం మాట్లాడుకోవడం మానేసేవాళ్లం, సాయంత్రానికి మళ్లీ కలిసేవాళ్లం, సోమవారం నేను బస్సెక్కేవాణ్ణి.

సరిగ్గా ఆ రోజుల్లో మా బావమరిది, మా ఆవిడ తమ్ముడు, కోదాడ నుంచి మద్రాసుకు బియ్యం లోడుతో పోయి వస్తూ, మూతకు చిల్లులు పొడిచిన ఒక పాలక్యానులో ఆరు చేపలు తెచ్చి మా గుమ్మంలో దించాడు. అతనికి ఏ ఊరు పోతే ఆ ఊరి వింత ఒకటి తేవడం అలవాటు. అంతకుముందు మాట్లాడని చిలకను తెచ్చాడు. "బావా, వీటిని ఖైదీ చేపలంటారంట. ఎక్కడో మధ్య అమెరికా నుంచి వచ్చినయ్యంట. జాగ్రత్తగా చూడు, ఒకదాన్నొకటి బతకనియ్యవంట" అని చెప్పి, అన్నం తిని, తన దారిన తను పోయాడు. ఆ చేపల అసలు పేరు సిక్లిడ్ అని నాకు తెలిసింది చాలాకాలానికి. మా ఇంట్లో మాత్రం అవి చారల చేపలే.

తొట్టి కోసం నేను పడ్డ పాట్లు ఇప్పటివాళ్లకు చెప్పినా అర్థం కావు. ఇప్పుడు ఏ సందులో చూసినా అక్వేరియం దుకాణమే. అప్పుడు సూర్యాపేటలో అలాంటిదేమీ ఉన్నట్టు నాకు తెలియదు. కమ్మరి చేత ఇనుప చట్రం కొట్టించి, దేవుడి పటాలకు అద్దాలు బిగించే ఆయనను బతిమాలి, నాలుగు పక్కలా అద్దాలు పెట్టించి లప్పంతో అతికించుకున్నాను. మొదటి రోజే ఒక మూల కారింది. రెండోసారి లప్పం పెట్టిస్తే ఇంకో మూల కారింది. మూడోసారికి ఆయన నన్ను చూడగానే దుకాణం లోపలికి పోవడం మొదలుపెట్టాడు. ఎలాగో నీళ్లు నిలిచాయి. అడుగున వాగు ఇసుక పోసి, ఒక పగిలిన పూలకుండీని బోర్లించి, చేపలను వదిలాను.

ఇక నీళ్ల విషయానికి వస్తే, నాకు రెండో ఆలోచనే లేదు. మనుషుల పళ్లు పాడుచేసే నీళ్లు చేపలకెలా పనికొస్తాయి? నేను కాల్వల ఆఫీసు మనిషిని. ఆ కాల్వ మా పక్కకు వచ్చిన రోజున గట్టు మీద నిలబడి దండం పెట్టినవాణ్ణి. అందుకని రెండు పెద్ద ప్లాస్టిక్ క్యాన్లు కొని, ప్రతి శనివారం మిర్యాలగూడలో కాల్వ నీళ్లు పట్టి, బట్టతో వడపోసి, బస్సులో సూర్యాపేటకు మోసుకొచ్చేవాణ్ణి. ఆ క్యాన్లతో నాకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. మొదటిరోజు కండక్టరు కిరోసిన్ అనుకుని దించెయ్యమన్నాడు. మూత తీసి వాసన చూపిస్తే, "నీళ్లా? నీళ్లు బస్సుల తీస్కపోతవా సారూ, సూర్యాపేటల నీళ్లు లేవా" అని బస్సంతా వినబడేలా అడిగాడు. చేపల కోసమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంట్లో మొక్కు ఉందని అబద్ధమాడాను. దాంతో ఆ వారం నుంచి నేను ఎక్కగానే పక్కవాళ్లు కాళ్లు ముడుచుకుని క్యాన్లకు చోటిచ్చేవారు. ఒక ముసలాయన ఒకసారి దోసిలి పట్టి తీర్థం అడిగితే పోయక తప్పలేదు.

ఇంత చేసి తెచ్చి పోస్తే, ఆ చేపలు నెల తిరక్కుండా ఒకదాన్నొకటి చంపుకున్నాయి. ఒక శనివారం వస్తే ఐదు, ఇంకో శనివారం వస్తే మూడు. తోకలు లేనివి, కళ్లు లేనివి నీళ్లపైన తేలేవి. రాళ్లు పెట్టి వాటాలు వేశాను, మధ్యలో అట్ట పెట్టాను, ఎర్రలు తెచ్చి కడుపునిండా వేశాను. కడుపు నిండితే ఇంకాస్త బలంగా కొట్టుకునేవి. చివరికి రెండే మిగిలాయి. ఒకటి పెద్దది, మగది. రెండోది చిన్నది, దాని పొట్టమీద నారింజరంగు మెరుపు, అది ఆడది. ఈ రెండూ మాత్రం కుండీని పంచుకుని, అద్దం దగ్గరికి ఎవరొచ్చినా కలిసి మీదికి దూకేవి. అది చూసి మా ఆవిడ, పోనీలెండి, ఒక జంటైనా ఒకచోట కాపురం ఉంటోంది అంది. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ఆ ఆదివారమే మా పందెం పడింది. పందెమని ఎవరం అనుకోలేదు. ఎప్పటిలాగే బావి గురించి, కాల్వ గురించి వాదించి వాదించి, ఆమె అలిసిపోయి, పాపను ఒళ్లో జోకొడుతూ, "అవి మీ కాల్వ నీళ్లలో పిల్లల్ని పెట్టి పెంచితే నేనూ నా పిల్లని తీసుకుని వచ్చేస్తానండీ. సెలవు పెడతానో, ఉద్యోగమే మానేస్తానో, నా తిప్పలు నేను పడతాను. పెట్టకపోతే మాత్రం ఇక ఈ మాట మన ఇంట్లో వినబడకూడదు" అంది. నేను వెంటనే ఒప్పుకున్నాను. గుడ్లు పెట్టడం వాటికి పెద్ద కష్టమేమీ కాదని మా బావమరిది చెప్పి ఉన్నాడు. గెలిచానే అనుకున్నాను. ఆడదాని ఉద్యోగం, పసిదాని పళ్లు, ఒక సంసారం ఎక్కడుండాలన్న సంగతి, ఇన్నీ తీసుకెళ్లి రెండు చేపల మీద పెట్టడానికి మాకు సిగ్గనిపించలేదు. వాదించీ వాదించీ మా ఇద్దరికీ విసుగొచ్చి, తీర్పు చెప్పేవాళ్లు ఎవరైనా సరే, చెబితే చాలు అనే స్థితికి వచ్చాం.

గుడ్లు పెట్టాయి, ఆ మాట నిజమే. కుండీ లోపలి గోడకు సగ్గుబియ్యం అతికించినట్టు వందలకొద్దీ గుడ్లు. ఆడది రెక్కలతో వాటికి గాలి విసురుతుంటే మగది గుమ్మంలో కాపలా. నేను సోమవారం నుంచి మూడు రోజులు సెలవు పెట్టి చూస్తూ కూర్చున్నాను. మంగళవారానికి గుడ్లన్నీ తెల్లబడి బూజు పట్టాయి, బుధవారం వాటిని అవే తినేశాయి. నీళ్లు మురికిపడి ఉంటాయని ఆ శనివారం సగానికి సగం నీళ్లు తోడి కొత్త నీళ్లు పోశాను. రెండోసారి పెట్టాయి, మళ్లీ బూజు. ఈసారి నీళ్లు చల్లగా ఉన్నాయేమోనని తొట్టిని ఎండ తగిలే కిటికీ దగ్గరికి మార్చాను. మూడోసారి పెట్టాయి, ఈసారి బూజు పట్టేదాకా కూడా ఆగలేదు, మర్నాడే తినేసి, మగది ఆడదాన్ని తొట్టంతా తరిమి కొట్టింది. దాని తోక సగం పోయింది. నాకు వాటి మీద పుట్టిన కోపం మాటల్లో చెప్పలేను. ఏం తక్కువ చేశాను? కృష్ణ నీళ్లు బస్సులో తెచ్చి పోస్తుంటే వీటికేం రోగం అని అద్దం ముందు నిలబడి తిట్టేవాణ్ణి. అవి మొప్పలు విప్పి నన్ను తిరిగి తిట్టేవి.

దీనికి తోడు ఇంకో చికాకు. నేను తెచ్చిన రెండు క్యాన్లలో ఒకటి శనివారమే పోసి, రెండోది వారం మధ్యలో కొంచెం కొంచెంగా పొయ్యమని మా ఆవిడకు అప్పగించి పోయేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి తొట్టిలో నీళ్లు జానెడు తగ్గి ఉండేవి, క్యాను మాత్రం ఖాళీ. ఏమైంది అంటే ఎండకు ఆవిరైందనేది. క్యాను మూత బిగించి ఉండగా ఎలా ఆవిరైంది అంటే, తొట్టిలోవి ఆవిరైతే క్యానులోవి పోశానంటుంది. మరి తొట్టి ఎందుకు తగ్గింది అంటే, ఇక నన్ను పోలీసులా అడక్కండి అనేది. పెద్దమ్మ అంట్లు తోమడానికి వాడేస్తోందని నా అనుమానం. ఒకసారి ఆ మాట అననే అన్నాను. పెద్దమ్మ రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

ఎండాకాలం వచ్చింది. కాల్వ కట్టేశారు. ఆఫీసు క్వార్టర్ల ట్యాంకులో నిలవ ఉన్న నీళ్లు బతిమాలి ఒక క్యాను తెచ్చేవాణ్ణి. అలాంటి రోజుల్లో, ఒక బుధవారం, ఎండకు లప్పం పగిలి తొట్టి మూల విడిపోయింది. నేను మిర్యాలగూడలో ఉన్నాను. మా ఆవిడ బడి నుంచి వచ్చేసరికి గదంతా నీళ్లు, అడుగున ఇంత మిగిలిన బురదలో రెండు చేపలు పక్కకు పడి కొట్టుకుంటున్నాయట. ఆమె చేతికి అందిన చాటలోకి వాటిని ఎత్తుకుని, పెరట్లోకి పరుగెత్తి, బావి పక్కనున్న సిమెంటు గోలెంలో పడేసింది. గిన్నెలు కడగడానికీ, కాళ్లు కడుక్కోవడానికీ పెద్దమ్మ చేది పోసుకునే ఆ గోలెంలో నిండా బావి నీళ్లే, గోడలకు పాచి, అడుగున ఎప్పుడో పగిలిన కుండపెంకులు. శనివారం వచ్చి చూసి నేను నెత్తి బాదుకున్నాను. ఇంకేముంది, చచ్చాయనే అనుకున్నాను. కొత్త తొట్టి చేయించేదాకా బతికుంటే చూద్దామని వదిలేశాను. పటాల ఆయన నన్ను చూస్తే తలుపేసుకుంటున్నాడు, కాల్వలో నీళ్లు లేవు, నేను మాత్రం ఏం చెయ్యను?

మూడు వారాలు గడిచాయి. నాలుగో శనివారం నేను చెప్పులు విడుస్తుండగానే మా ఆవిడ వేలికి గుడ్డ చుట్టుకుని ఎదురొచ్చింది. "మీ చేప నన్ను కరిచిందండీ" అంది, కాని మొహంలో నొప్పి లేదు, ఇంకేదో ఉంది. వెళ్లి చూశాను. గోలెంలో, ఆ పాచి నీళ్లలో, తల్లీ తండ్రీ పక్కపక్కన, వాటి కింద గుండుసూది తలంత పిల్లలు, మబ్బులా కదులుతున్నాయి. లెక్క పెట్టడం నా వల్ల కాలేదు. పెద్దమ్మ చెంబు ముంచబోతే మగది ఎగిరి చెంబునే గుద్దింది. "నీ సేపలకు మా నీళ్లే రుసి సారూ" అంది పెద్దమ్మ. ఆమె మాటలో ఎగతాళి ఏమీ లేదు, సంబరమే ఉంది. మా ఆవిడ పాపను చంకనేసుకుని నా మొహంకేసి చూసి, లోపలికి వెళ్లి పొయ్యి ముట్టించుకుంది.

నేను ఓడిపోయాను. ఓడిపోవడం నాకు కొత్తేమీ కాదు గాని, ఏ నీళ్లను నేను జన్మంతా తిట్టుకున్నానో ఆ నీళ్ల చేతిలో ఓడిపోవడం మింగుడు పడలేదు. అప్పుడు నాకు రావలసిన ఆలోచన ఒకటే ఒకటి, చేపకు పడ్డ నీళ్లు పిల్లకు పడాలని ఎక్కడుంది? అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. తట్టినా మాట ఇచ్చానన్న పౌరుషం అడ్డొచ్చింది. ఆ రెండు క్యాన్లూ తీసుకెళ్లి పెద్దమ్మకు ఇచ్చేశాను, వడియాల పిండికో దేనికో వాడుకొమ్మని. మా బావమరిది వచ్చి పిల్లలతో సహా చేపలన్నిటినీ డ్రమ్ములో వేసుకుని కోదాడ పట్టుకుపోయాడు. అక్కడ అవి ఎవరెవరి తొట్లలో ఎవరెవరిని చంపాయో నేను అడగలేదు. మిర్యాలగూడ మాట మా ఇంట్లో మళ్లీ వినబడలేదు. నేను మళ్లీ బస్సులో నీళ్లు మొయ్యలేదు. కండక్టరు మొక్కు తీరిందా అని అడిగితే తీరిందన్నాను. ఐదేళ్ల తరవాత మా అమ్మాయికి కొత్త పళ్లు వచ్చాయి. నేను భయపడ్డట్టే వచ్చాయి. అప్పటి నుంచి అది నవ్వొచ్చినప్పుడల్లా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పెళ్లిఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా పళ్లు కనబడవు.

మొన్నామధ్య డాక్టరమ్మ నా దవడల కొలతలు తీసుకున్నాక, పక్కన నిలబడ్డ మా అమ్మాయిని చూసి, మీరు కూడా ఒకసారి కూర్చోండి, మీ పళ్లు చూస్తాను అంది. వద్దంటూనే కూర్చుంది. డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసి, నన్ను పిలిచి, అద్దం పెట్టి చూపించింది. ముందుపళ్ల అంచులు, బియ్యపుగింజ వెడల్పున, తెల్లగా ఉన్నాయి. ఆ పైనుంచి చిగురు దాకా గోధుమరంగు. నలభై ఏళ్లకు పైగా ఆ పళ్లను చూస్తున్నాను, ఆ తెలుపు నాకెప్పుడూ కనబడలేదు, అమ్మాయి ఎప్పుడూ నోటిమీది చెయ్యి తియ్యదు కదా. "పళ్లు చిగురు లోపలే తయారవుతాయి సార్, అంచు నుంచి మొదలుపెట్టి పైకి. బయటికి వచ్చేది ఏడో ఏట, కాని పని అంతా మూడు నాలుగేళ్లలోపే అయిపోతుంది. మేడమ్‌కి చిన్నప్పుడు ఏడాదో, ఇంకొంచెం ఎక్కువో మంచి నీళ్లు పడ్డట్టున్నాయి. తర్వాత ఊరు మారారా?" అని అడిగింది. మేము ఊరు మారలేదనీ, మారకపోవడమే మా కథ అనీ ఆమెకు ఎక్కడ చెప్పను? పుట్టినప్పటి నుంచీ ఒకే బావి నీళ్లు తాగిందమ్మా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. పళ్లు అబద్ధం చెప్పవు సార్ అంది.

ఇంటికి వచ్చి మా ఆవిణ్ణి అడిగాను. చిక్కుళ్లు ఒలుస్తోంది. డాక్టరమ్మ మాట చెప్పాను. ఒలుస్తూనే, "మీ క్యాను నీళ్లేనండీ" అంది. "ఆ బావి నీళ్లకి పప్పు ఉడికి చచ్చేది కాదు. మీ నీళ్లు ఒక చెంబు పోస్తే ఇట్టే ఉడికేది. అలా మొదలైంది. తర్వాత పాపకి తాగడానికీ, పాలలో కలపడానికీ అవే కాచి పట్టేదాన్ని. మీరు చెప్పి చెప్పి నాకూ లోపల భయం పట్టుకుంది. చేపల తొట్టి తగ్గిందని మీరు గోల పెడితే ఆవిరైందని చెప్పేదాన్ని."

మరి ఆ రోజు చెప్పొచ్చు కదా, క్యాన్లు పెద్దమ్మకు ఇచ్చేస్తుంటే ఆపొచ్చు కదా అన్నాను. నా గొంతులో కోపమే ఉంది, ఎవరి మీదో తెలియదు. ఆమె చిక్కుళ్ల వంకే చూస్తూ, "మీరు ఓడిపోయి కూర్చున్నారు. నీళ్లు తెమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను? మీరు చెప్పిందే నిజమని ఒప్పుకున్నట్టు కాదూ" అంది. అంతే. ఆ మీదట ఇద్దరం మాట్లాడుకోలేదు. ఈసారి సాయంత్రానికి మళ్లీ కలవడానికి మాకు ఆనాటి ఆదివారాల వయసు లేదు.

ఇప్పుడు మా వాడలో ప్రతి ఇంటికీ నల్లాలో కృష్ణ నీళ్లే వస్తున్నాయి. ఎవరూ బస్సులో మొయ్యక్కర్లేదు. మొయ్యక్కర్లేదు గనక ఎవరూ వాటిని తాగరు కూడా, ఆటోలో ఇంటింటికీ దించే క్యాన్ల నీళ్లు కొనుక్కుని తాగుతారు. ఆ బావిని పూడ్చి దానిమీద ఎవరో మోటారు సైకిళ్లు పెట్టుకుంటున్నారు. సాయంత్రం బడి వదిలినప్పుడు గేటు దగ్గర నిలబడితే, పిల్లలు నోరంతా తెరిచి నవ్వుకుంటూ పోతుంటారు, ఒక్క పిల్లకైనా గార కనబడదు. సంతోషించాల్సిందే. నేనూ సంతోషిస్తాను గాని, ఆ వెనకే ఒక లెక్క మనసులో నడుస్తుంటుంది. ఇంకో రెండేళ్లు మోసి ఉంటే సరిపోయేది. పాప కోసమని తెలియక్కర్లేదు, మకాం మార్చక్కర్లేదు, పందెం గెలవక్కర్లేదు. ఆ చేపలు గోలెంలో పిల్లల్ని పెట్టకుండా, అద్దాల తొట్టిలో ఎప్పటిలాగే నన్ను విసిగిస్తూ ఉండి ఉంటే, నేను వాటిని తిట్టుకుంటూ శనివారం శనివారం నీళ్లు తెచ్చేవాణ్ణి, మా ఆవిడ దొంగతనంగా చెంబు ముంచేది.

నిన్న కట్టుడు పళ్లు వచ్చాయి. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే, ఈ వయసులో, నాకు మొదటిసారి తెల్లటి పళ్లు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి, "ఏదీ నాన్నా, ఒకసారి నవ్వు" అంది. నవ్వాను. నా అవతారం చూసి తనకు కూడా పట్టలేనంత నవ్వొచ్చింది, వెంటనే అలవాటుగా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.